రెండో గొంతు కేసు

“ప్రపంచంలో నేరస్థులు రెండే రకాలు,” అన్నాడు భూతద్దం, చెల్లెలి గుమ్మంలో నిలబడి. “నాకు దొరికిపోయినవాళ్లు, దొరకబోయేవాళ్లు.”

“చెప్పులు విప్పి లోపలికి రా అన్నయ్యా,” అంది చెల్లెలు.

భూతద్దానికి బతుకుతెరువు గొడుగుల కొట్టు, పిచ్చి మాత్రం డిటెక్టివ్ పని మీద. ఇంతవరకూ ఆయన్ని జలుబు పట్టడమే తప్ప, ఆయన పట్టిన దొంగ ఒక్కడూ లేడు. అయినా గోడల వెనక రహస్యాలు వినడానికని మెడలో ఇయర్‌ఫోన్స్ ఎప్పుడూ వేలాడేవి. అవి దేనికీ తగిలించి ఉండేవి కావు.

చెల్లెలు మాత్రం నిజంగానే చిక్కుల్లో పడింది. ఆమె పాటలు నేర్పే బడి మూతపడింది. పిల్లల పాటల కంపెనీ ఒకటి నమూనా పాట అడిగింది. రెండుసార్లు పంపితే రెండుసార్లూ తిరిగొచ్చింది. ‘మీ గొంతు వెనక సన్నగా ఇంకో గొంతు పాడుతోంది. మీరొక్కరే పాడి సాయంత్రంలోగా పంపండి. ఇదే ఆఖరు.’ ఇది కూడా చెయ్యిజారితే ఇక ఎక్కడికి వెళ్లి అడగాలో ఆమెకు తెలియదు.

పాట రికార్డు చేసే సామానంతా ఎంపిక చేసింది కూడా ఈ మహానుభావుడే. “కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి మైకు, దాన్ని కంప్యూటర్‌కి కలిపే ఈ చిన్న డబ్బా, హెడ్‌ఫోన్స్ చాలు సార్. డబ్బాతో ఊరికే వచ్చే సాఫ్ట్‌వేర్ సరిపోతుంది,” అని కొట్టతను నెత్తీ నోరూ కొట్టుకున్నాడు.

“ఊరికే ఇస్తున్నావంటే దాని వెనక ఏదో కుట్ర ఉంది,” అన్నాడు భూతద్దం. “చెవులు మూసుకుని పాడటానికి మా చెల్లెలు ఏం నేరం చేసింది?”

హెడ్‌ఫోన్స్ పక్కన పెట్టించి, బీరువాలంతేసి స్పీకర్లూ, విమానానికి సరిపడా బటన్లున్న సాఫ్ట్‌వేరూ కొనిపించాడు. ఆ సాఫ్ట్‌వేర్ తెరవడమే చేతకాక, చెల్లెలు ఊరికే వచ్చినదాన్నే గుట్టుగా వాడుకుంటోంది.

ఇప్పుడాయన గొడుగు కొనతో మైకును పొడిచి చూశాడు. “మాట్లాడటం లేదు. ఎవరో బెదిరించారు.”

“అది మీట నొక్కితేగానీ పనిచెయ్యదు అన్నయ్యా.”

ఆయన వినిపించుకోకుండా వంటింట్లోకి నడిచాడు. చెల్లెలి అత్తగారు కూరగాయలు తరుగుతోంది.

“అత్తయ్యగారూ, నిన్న సాయంత్రం ఎక్కడున్నారు?”

“ఇక్కడే నాయనా. నువ్వు తిన్న కంచం కడుగుతున్నా.”

“పాడారా?”

“నా గొంతు పక్కగదిలో మా అబ్బాయికే వినబడదు.”

“సరిగ్గా అలాంటి సన్నటి గొంతే ఆ రికార్డులో ఉంది.”

అత్తగారు కత్తిపీట పక్కకు జరిపింది. చెల్లెలు గబగబా అన్నయ్యను ఇవతలికి లాక్కొచ్చింది. “ఆవిడతో పెట్టుకున్నావంటే పాట సంగతి దేవుడెరుగు, నాకీ ఇంట్లో మంచినీళ్లు కూడా పుట్టవు.”

“నువ్వు పాడు. నేను మాటువేస్తా,” అని ఆయన స్పీకర్ వెనక నక్కాడు. నక్కడంలో కాలికి వైరు చుట్టుకుని స్పీకర్ల ప్లగ్గు ఊడింది. ఆయన గమనించలేదు.

స్పీకర్లలో పెట్టుకున్న శ్రుతి ఆగిపోయింది. చెల్లెలికి ఏడుపొచ్చినంత పనైంది. కానీ కిటికీలో ఎండ దిగిపోతోంది. ఇన్నేళ్లూ పిల్లల గోలలో శ్రుతి లేకుండానే పాడిన మనిషి, ఇప్పుడూ అలాగే పాడేసింది. పాట అయిపోతుండగా అత్తగారు గుమ్మంలోకొచ్చి, నోరు బార్లా తెరిచి ఆవలించింది.

“దొరికావే రెండో గొంతూ!” అంటూ భూతద్దం ఒక్క దూకు దూకి, వైరుతో సహా బోర్లా పడ్డాడు.

“ఎవర్నిరా ‘దొరికావే’ అంటున్నావ్?” అంది అత్తగారు.

చెల్లెలు ఆ గొడవ పట్టించుకోలేదు. స్పీకర్లు పలకకపోవడంతో అన్నయ్య మెడలోని ఇయర్‌ఫోన్స్ లాక్కుని డబ్బాకి తగిలించి వింది. ఒక్క గొంతే ఉంది. తనదే. ఊడిన ప్లగ్గు వంక చూశాక అంతా అర్థమైంది. ఇన్నాళ్లూ స్పీకర్లు ఆమె గొంతునే రవ్వంత ఆలస్యంగా తిరిగి పాడుతుంటే, మైకు దాన్నీ పట్టేసేది. పాడే ధ్యాసలో అది ఆమె చెవికి ఆనేది కాదు. హెడ్‌ఫోన్స్ కొనమని కొట్టతను మొత్తుకున్నది ఇందుకే. కోపమూ సంతోషమూ ఒకేసారి తన్నుకొచ్చాయామెకు.

పాట చివర మాత్రం ఇంకేదో వినబడింది. సాఫ్ట్‌వేర్‌లో కత్తెర బొమ్మ వెతికి, అక్కడికి తెంపేసి, పాట పంపింది.

దీపాలు పెట్టే వేళకు జవాబొచ్చింది. ‘చాలా బాగుంది. ఒక్క గొంతే ఉంది. సోమవారం నుంచి పని మొదలుపెట్టండి.’ చెల్లెలు అత్తగారిని కావలించుకుని ఏడ్చేసింది.

భూతద్దం ముక్కుకు దూది పెట్టుకుని గొంతు సవరించుకున్నాడు. “రెండో గొంతును ఆఖరి క్షణంలో పట్టించింది ఎవరు?”

“నువ్వే అన్నయ్యా. మైకులో స్పష్టంగా పడ్డావు,” అంది చెల్లెలు. “కత్తిరించేశాను.”