ఇంకుడు గుంతకు తాళం

నీటి పొదుపులో మా అపార్టుమెంటుకు ఉత్తమ ప్రశంసాపత్రం దక్కిందని తెలియజేయడానికి మిక్కిలి సంతోషిస్తున్నాను.

వాన నీటిని దాచే ఏర్పాటుందని చెప్తేనే మేమంతా ఈ కొత్త ఇళ్లలో చేరాం. డాబా మీది నీళ్లు గొట్టాల్లోంచి దిగి ఇంకుడు గుంతలో పడాలి. గుంత చుట్టూ పచ్చగడ్డి, పైన గాజు మూత, పక్కనే శిలాఫలకం. లోపల నీళ్లొక్కటే తక్కువ. కుళాయిలు కూడా వారం నుంచి గాలే వదులుతున్నాయి.

తనిఖీ అధికారి నడి వేసవిలో వస్తానన్నారు. వాన లేనిదే గుంత ప్రతిభ తెలిసేదెలా? సంఘం అధ్యక్షులవారు అత్యవసర సమావేశం పెట్టి దారి చూపారు: మన ఇళ్లకు వచ్చే ట్యాంకరు నీళ్లు డాబా ఎక్కించి, అక్కణ్ణుంచి వదలడం. తీర్మానం ఏకగ్రీవం. నేనూ చెయ్యెత్తాను.

వాన సరిగ్గా పదకొండింటికి కురిసింది. ట్యాంకరు చప్పుడు విని నమ్మకంగా తలకు షాంపూ పట్టించుకున్న మా అత్తగారు స్నానాలగదిలోంచి కేకేశారు.

"అమ్మాయ్, నీళ్లేవే?"

"గుంతలోకి వెళ్తున్నాయి అత్తయ్యా."

"ఇక్కడ నా కళ్లు మండి చస్తుంటే గుంతకి స్నానమేంటే!"

కింద అధ్యక్షులవారి ఉపన్యాసం సాగుతోంది. "ప్రతి బొట్టూ భావి తరాలది! దాన్ని ముట్టుకునే హక్కు మనకి లేదు!" అధికారి కళ్లు చెమర్చాయి. మా అత్తగారివి అప్పటికే ధారలు కడుతున్నాయి.

పత్రం గోడకెక్కిన నాలుగో రోజున అసలు వాన పట్టుకుంది. బురద చేరితే వచ్చే తనిఖీకి బాగుండదని గుంత మూతకు తాళం వేయించి, గొట్టాలను వీధిలోకి తిప్పించారు. అత్తగారు మాత్రం బాల్కనీ అంచున బకెట్టు పెట్టారు. అది సగం నిండేలోపే అధ్యక్షులవారు గొడుగేసుకుని స్వయంగా విచ్చేశారు.

"పిన్నిగారూ, ఆ బకెట్టు తీయించండి. చూసినవాళ్లు మనకి నీళ్లు లేవనుకుంటారు."

పరువు విషయం కదా! నీళ్లు పారబోసి, బకెట్టు నేనే లోపల పెట్టేశాను. అత్తగారు ఖాళీ బకెట్టునీ నన్నూ మార్చి మార్చి చూశారు. ఆ చూపు తప్పించుకోవడానికి ట్యాంకరు డ్రైవరుకు ఫోన్ చేశాను.

"ఎక్కడున్నావయ్యా? ఇంట్లో చుక్క నీళ్లు లేవు."

"మీ వీధి మొదట్లోనే ఆగిపోయానమ్మా. మీ డాబా నీళ్లు మోకాలి లోతుకొచ్చేశాయి. అవి పోతేగానీ మీకు నీళ్లు తేలేను."