సర్దార్జీ గారికి లంగరు

ఆ పొద్దున ఇమ్మానుయేల్ రాజుపాలెంలో బామ్మర్ది ఇంటికి వెళ్లి, నాటుకోడి పులుసుతో భోంచేసి, వేపచెట్టు కింద ఓ కునుకు తీసి రావాలనుకున్నాడు. నరసరావుపేటలో అంతిమయాత్రల ఏర్పాట్లు చేసే మనిషికి ఇలాంటి ముచ్చట్లు సాగవు. బైకు స్టార్టు చేస్తుండగానే ఫోను మోగింది.

"అన్నా, నేను హర్‌ప్రీత్‌ని. వరికోత మిషన్ల స్పేర్ పార్టుల షాపు సర్దార్జీ గారి అమ్మాయిని. నాన్న తెల్లారుజామున పోయారన్నా."

ఇమ్మానుయేల్ బైకు ఆపేశాడు. జగ్తార్ సింగ్ గారిని ఎరగని రైతు ఆ చుట్టుపక్కల లేడు. వయసులో ఉండగా పంజాబు నుంచి కోత మిషనుతో వచ్చి, వరి కోసి, రాజుపాలెం రైతు బిడ్డ సరస్వతమ్మను పెళ్లాడి ఇక్కడే ఉండిపోయాడు. కళ్లు మూసుకుని వింటే ఆయనది అచ్చం పల్నాటి మాటే. కళ్లు తెరిస్తేనే తలపాగా కనిపించేది.

"అంతా మా పద్ధతిలోనే జరగాలన్నా," అంది హర్‌ప్రీత్. ఆ పిల్ల జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతుంది. "గుంటూరు గురుద్వారాలో గ్రంథం చదివే గ్రంథీ గారు ఊళ్లో లేరంట. నాకేమో ఏం తెలవదు. అమ్మని మాత్రం కదిలించమాకండి. పొద్దుట్నుంచి ఉలుకూ పలుకూ లేకుండా కూర్చోనుంది. మీకు తెలుసుగా, సిక్కుల పద్ధతి?"

"తెలవకపోవడమేందమ్మా! అది నా స్పెషల్. మీరు నిమ్మళంగా ఉండండి, నేను చూసుకుంటా."

లోపలి నుంచి అతని భార్య షారోన్ తొంగిచూసింది. "నువ్వు సిక్కులకి ఎప్పుడు చేశావయ్యా?"

"చేస్తే అదే వచ్చిద్ది," అన్నాడు ఇమ్మానుయేల్. చావు జరిగిన ఇంట్లో ఎవరో ఒకరు ధీమాగా నిలబడాలని, అందుకే జనం తనను పిలుస్తారని అతని నమ్మకం. ఆ ధీమాకు తెలియడంతో పెద్దగా పని లేదని కూడా.

అయినా జాగ్రత్త కోసం లారీ డ్రైవరు అక్రంకి ఫోన్ చేశాడు. అక్రం పత్తి బేళ్లు వేసుకుని ఏడాదికి నాలుగుసార్లు లూధియానా పోయొస్తాడు. ఆ సమయానికి నాగపూర్ దాటి ఏదో ఘాట్ రోడ్డులో ఉన్నాడు. మాట తెగి తెగి వినిపిస్తోంది.

"ఐదు 'క'లు అన్నా! ఐదు 'క'లు తప్పకుండా ఉండాల. అవి లేకపోతే వాళ్లు ఒప్పుకోరు."

"ఏందా 'క'లు?"

గరగరమని చప్పుడు. మళ్లీ, "...దహనానికి ముందు అర్దాస్ జరగాల..."

"హరిదాసా?"

"ఆఁ, అదే! ఆ తర్వాత లంగరు పెట్టాలన్నా. పెద్దది పెట్టు. లంగరు లేకపోతే పరువు పోయిద్ది..." అంటుండగా లైను తెగిపోయింది. మళ్లీ కలవలేదు.

ఇమ్మానుయేల్ ఐదు నిమిషాలు ఆలోచించాడు. క అంటే కొబ్బరికాయ, కర్పూరం, కుంకుమ, కుండ, కట్టెలు. ఐదూ గోడౌన్లోనే ఉన్నాయి! దేశం ఎంత పెద్దదైనా మనిషి చావు ఒకటేనని అతని కళ్లు చెమర్చాయి. కోటప్పకొండ రోడ్డులో ఒక హరిదాసు ఉన్నాడు. ఏడాదిలో ఒక్క నెల పాడి, మిగతా నెలలు ఆటో తోలతాడు. "ఇది సీజన్ కాదుగా అన్నా," అని అతను గునిసినా, చావుకి సీజనేందని ఒప్పించాడు.

మిగిలింది లంగరు. సముద్రం లేని ఊళ్లో లంగరేమిటని అతనికి అనుమానం రాకపోలేదు. కానీ పంజాబంటే ఐదు నదుల దేశమని చిన్నప్పుడు బళ్లో చదువుకున్నాడు. నదులున్నచోట పడవలుంటాయి, పడవలున్నచోట లంగరుంటుంది. అంతా సరిగ్గా కుదిరింది. మాచర్ల అవతల కృష్ణ ఒడ్డున పడవ నడిపే సుభానీకి ఫోన్ చేశాడు.

"లంగరా? నరసరావుపేటలో నీకెందుకు భయ్యా?"

"ఒక శవానికి."

"కట్టి నీళ్లలో ఏస్తారా?" అన్నాడు సుభానీ మెల్లిగా.

"నీకెందుకయ్యా అయ్యన్నీ! పెద్దది చూసి ఎవరికంటా పడకుండా ఆటోలో పంపు. వీధిలో అందరూ అదేంది ఇదేంది అని అడుగుతారు, చెప్పలేక చస్తన్నా."

ఇమ్మానుయేల్ ఆ ఇంటికి చేరేసరికి వీధి నిండా రైతులున్నారు. లోపల జగ్తార్ సింగ్ గారు శుభ్రమైన బట్టల్లో, నీలం తలపాగాతో నిద్రపోతున్నట్టున్నారు. పక్కనే సరస్వతమ్మ కొంగు తల మీదుగా కప్పుకుని, కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుంటోంది. పాపం మతి చలించినట్టుందని ఇమ్మానుయేల్ నిట్టూర్చాడు. ఆనవాయితీగా శవం మీది లోహాలు తీసేద్దామని చేతి కడియం పట్టుకోబోతే, ఆవిడ కళ్లు తెరవకుండానే అతని చేతి మీద ఒక్కటి వేసింది. ఇనుప కడియం మీద కూడా ఇంత మమకారమా అనుకుని అతను ఊరుకున్నాడు.

మధ్యాహ్నం దాటాక ఐదు 'క'లూ అరుగు మీద వరసగా పేర్చాడు. హరిదాసు నెత్తిన రాగిపాత్రతో, తంబురాతో గుమ్మం దగ్గర నిలబడ్డాడు. హర్‌ప్రీత్ ఆయన్ని చూసి, ఇమ్మానుయేల్‌ని చూసి, స్పెషలిస్టుకి తెలియకుండా ఉంటుందా అని నోరు మూసుకుంది. అప్పుడే వీధి చివర ఆటో ఆగింది. ముందు ఒక కానిస్టేబుల్ దిగాడు. అతని వెనక, నలుగురు పడితే తప్ప కదలని తుప్పుపట్టిన లంగరు దిగింది.

"ఇమ్మానుయేలంటే ఎవరు?" అన్నాడు కానిస్టేబుల్. "ఎవరినో లంగరు కట్టి కృష్ణలో ఏస్తన్నారంట. పడవాయన భయపడి మాకు చెప్పాడు."

"కృష్ణలో ఎందుకేస్తాం సార్! లంగరు పెడతామంతే. వాళ్ల ఆచారం."

"ఎక్కడ పెడతారు?"

ఈ సంగతి ఇమ్మానుయేల్ ఆలోచించలేదు. అయినా తడుముకోలేదు. "కాళ్ల దగ్గర," అన్నాడు.

"ఏ ఆచారమన్నా అది?" హర్‌ప్రీత్ అరుగు దిగి వచ్చింది. "మా నాన్నకి ఇనప లంగరేంది?"

లోపల గొణుగుడు ఆగింది. సరస్వతమ్మ లేచి బయటికొచ్చింది. లంగరు వంక చూసింది. కొబ్బరికాయ, కర్పూరం, కుంకుమ, కుండ, కట్టెల వంక చూసింది. "ఇయ్యేంది నాయనా?"

"ఐదు 'క'లు పెద్దమ్మా."

"ఆయనెవరు?"

"హరిదాసు. దహనానికి ముందు జరగాలంటగా."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలిపోయాయి. ఇప్పటికి ఏడుపొచ్చిందని ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చి పట్టుకున్నారు. తీరా చూస్తే ఆవిడ నవ్వుతోంది. నవ్వుతూనే కళ్లనీళ్లు కారుతున్నాయి.

"మీ నాయన ఉండుంటే ఏడాది పాటు చెప్పుకోనుండేవాడమ్మా," అంది కూతురితో. తర్వాత ఇమ్మానుయేల్ వైపు తిరిగింది. "కేశాలు, కంఘా దువ్వెన, కడియం, కచ్చా నిక్కరు, కిర్పాణ్ కత్తి. అయ్యీ ఐదు 'క'లు. ఐదూ ఆయన ఒంటిమీదే ఉండాయి. పొద్దున నువ్వు లాగబోయింది అందులో ఒకటి. అర్దాసంటే ప్రార్థన. లంగరంటే అన్నం నాయనా, వచ్చినోళ్లందరికీ పెట్టే అన్నం."

"అన్నమా?" ఇమ్మానుయేల్ వెనక్కి తిరిగి చూశాడు. వీధి చివరిదాకా జనమే. ఎక్కడా ఒక్క పొయ్యి వెలగలేదు. ఆ రోజుకి మొదటిసారి అతని ధీమా సడలింది.

"నన్నొక మాట అడిగితే పోయేదిగా? పంజాబులో మా అత్త పోయినప్పుడు అంతా నా చేతులమీదే జరిగింది," అంది సరస్వతమ్మ.

"నువ్వు ఉలుకూ పలుకూ లేకుండా ఉంటేనూ..." అంది హర్‌ప్రీత్ వెక్కుతూ.

"గురువుల బాణీ పారాయణ చేసుకుంటన్నానే. మధ్యలో మాట్లాడితే ఎట్టా?"

ఆ తర్వాత అంతా ఆవిడ చెప్పినట్టే నడిచింది. తలలు కప్పుకోమంటే రైతులు భుజాల మీది తువ్వాళ్లు తీసి చుట్టుకున్నారు. చితి దగ్గర సరస్వతమ్మ చేతులు జోడించి, పల్నాటి యాసలో పంజాబీ పలుకుతూ అర్దాస్ చేసింది. హర్‌ప్రీత్ నిప్పు పెట్టింది. కానిస్టేబుల్ టోపీ తియ్యాలో ఉంచాలో తెలియక అడిగితే, "ఉంచుకో నాయనా, నీదొక్కటే ముందునుంచీ సరిగ్గా ఉంది," అంది ఆవిడ.

ఇమ్మానుయేల్ మాత్రం శ్మశానం నుంచే షారోన్‌కి ఫోన్ చేశాడు. ఈసారి ధీమాకి తోడు తెలిసిన పని దొరికింది. చర్చిలో క్రిస్మస్ విందుకి వాడే డేగిసాలు వచ్చాయి. రైతుల ఇళ్ల నుంచి బియ్యం, కందిపప్పు వచ్చాయి. షారోన్ వెంట వచ్చిన ఆడవాళ్లు పొయ్యిలు వెలిగించారు. కుర్చీలు దించబోతుంటే సరస్వతమ్మ వారించింది. అందరూ నేలమీదే, ఒకే వరసలో. పొద్దు గూకేవేళకి ఊరి పెద్దలు, ఆటోవాళ్లు, కానిస్టేబుల్ పక్కపక్కనే కూర్చుని పప్పన్నం తిన్నారు. హరిదాసు రాగిపాత్ర పక్కన పెట్టి గరిటె పట్టుకున్నాడు. వడ్డిస్తున్నంతసేపూ హర్‌ప్రీత్ ఇమ్మానుయేల్‌తో మాట్లాడలేదు. చివర్లో విస్తరి వేసి, "కూర్చో అన్నా," అంది.

నెల తిరక్కుండానే ఇంకో ఫోను వచ్చింది. పత్తి వ్యాపారానికి ఊళ్లో కొత్తగా దిగిన జైనుల కుటుంబం. ఇంట్లో పెద్దాయన పోయారని చెప్పి, తమ పద్ధతి తెలుసా అని అడిగారు.

"తెలవకపోవడమేందండీ!" అన్నాడు ఇమ్మానుయేల్. "ముందు ఒకసారి ఇంట్లో పెద్దావిడకి ఫోనివ్వండి."

పెద్దావిడ అతను అడిగిందంతా ఓపిగ్గా విని, బాగా ఆలోచించి, "మా ఇంట్లో ఇంతకుముందు ఎవరూ పోలేదు నాయనా, ఇదే మొదలు," అంది.