గీత ఎటు వాలాలి

ఇకమీదట పెద్దాసుపత్రిలో డయాలసిస్ కోసం ఏ రోగీ తెల్లారకముందే వచ్చి వరసలో కూర్చోనక్కర్లేదని, ఏ మంచం ఎవరికి, ఏ గంటకి అన్నది కంప్యూటరే నిర్ణయిస్తుందని, మానవజాతి చరిత్రలో ఇదొక మలుపని ఆరోగ్యశాఖ మంత్రిగారు ప్రకటించారు. గడువు వారం. ఒక మలుపుకి వారం ఎక్కువేనని ఆయన అభిప్రాయం. కానీ అధికారుల మీద దయతలిచారు.

ఆ ప్రోగ్రాం రాసే పని శాఖ ఆఫీసు మూడో అంతస్తులో జిరాక్స్ మిషన్ పక్కన కూర్చునే కాంట్రాక్టు ఇంజనీరు మీద పడింది. ఆవిడ మేనత్తకి రెండు కిడ్నీలూ పాడై ఏడాదైంది. వారానికి మూడుసార్లు నాలుగింటికే లేచి, ఆసుపత్రి మెట్ల మీద సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. అందుకని ఇంజనీరు ఆ ప్రోగ్రాం రెండు రోజుల్లో రాసేసింది. ఆఫీసు కంప్యూటర్లో అది చక్కగా నడిచింది. పెన్‌డ్రైవ్‌లో ఆసుపత్రికి పట్టుకెళ్ళి అక్కడి కంప్యూటర్లో మిషన్ భాషలోకి కంపైల్ చెయ్యబోతే మాత్రం, అసలలాంటి ఫైలే లేదు పొమ్మంది.

కారణం కనిపెట్టడానికి టీ చల్లారేంత సేపు పట్టింది. ఫలానా ఫైలు ఎక్కడుందో చెప్పే దారిలో, ఒక ఫోల్డరు పేరుకీ ఇంకో పేరుకీ మధ్య ఏటవాలు గీత ఉంటుంది. ఆఫీసు కంప్యూటర్‌ది ఒక ఆపరేటింగ్ సిస్టమ్, దానికి ఎడమకి వాలిన గీత అలవాటు. ఆసుపత్రి కంప్యూటర్‌ది మరొకటి, దానికి కుడికి వాలిందే గీత. పైగా ఆఫీసుదానికి ఇంగ్లీషులో పెద్దక్షరమూ చిన్నక్షరమూ ఒకటే. ఆసుపత్రిదానికి కాదు. అయితే కుడి గీత పెడితే రెండూ ఒప్పుకుంటాయి. ఇంజనీరు నలభై ఒక్క చోట్ల గీత తిప్పింది, పెద్దక్షరాలన్నీ చిన్నవి చేసింది. ప్రోగ్రాం నడిచింది. గురువారం మేనత్తకి పదకొండు గంటల మంచం వచ్చింది. ఆవిడ ఇంట్లోనే టిఫిన్ తిని, తీరిగ్గా తల దువ్వుకుని బయల్దేరింది.

కథ అక్కడితో అయిపోయేదే. కానీ ఇంజనీరు నిజాయితీపరురాలు. చేసిన మార్పు రిపోర్టులో రాసింది.

డైరెక్టరుగారు ఆ రిపోర్టులో ఎడమ, కుడి అన్న మాటలు చూసి, ఆవిణ్ణి వెంటబెట్టుకుని మంత్రిగారి ఛాంబర్‌కి వెళ్ళారు.

"మన ఆఫీసులో ఎడమకి వాలిందా?" అన్నారు మంత్రిగారు.

"అవును సర్. ఆ సిస్టమ్ పద్ధతే అంత."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ సర్."

"గత ప్రభుత్వం," అంటూ మంత్రిగారు పీఏ వైపు చూశారు. పీఏ రాసుకున్నాడు.

"పెద్దా చిన్నా తేడా చూడందేది?"

"మన ఆఫీసు మిషన్ సర్. ఆసుపత్రి మిషన్ చూస్తుంది."

"మొదటి సగం ప్రెస్ నోట్‌లో పెట్టు," అన్నారు పీఏతో. తర్వాత ఇంజనీరు వైపు తిరిగారు. "ఇప్పుడు గీతలన్నీ కుడికి తిప్పేశావన్నమాట."

"దాన్ని రెండు మిషన్లూ ఒప్పుకుంటాయి సర్."

"మిషన్లు ఒప్పుకుంటే సరిపోతుందా అమ్మా? మిత్రపక్షం ఒప్పుకోవద్దూ? వాళ్ళు ఎడమవాళ్ళు. ప్రభుత్వం కుడికి ఒరిగిందని వాళ్ళు లేచి వెళ్ళిపోతే, నా కుర్చీ ఏ గీత మీద నిలబెట్టను?"

ఆ రోజే త్రిసభ్య కమిటీ వేశారు. ఒక రిటైర్డు జడ్జి, ఒక చేతిరాత మాస్టారు, సమతూకం కోసం మిత్రపక్షం నాయకుడి బావమరిది. గడువు మూడు నెలలు పెరిగింది. మొదటి సమావేశం ఎవరు ఎటువైపు కూర్చోవాలన్న దానితోనే సరిపోయింది. రెండోసారి జడ్జిగారు రెండు కంప్యూటర్లనీ విడివిడిగా విచారించారు. చివరికి రెండొందల పేజీల నివేదిక వచ్చింది. దాని సారాంశం: గీత ఎటూ వాలకూడదు, నిటారుగా ఉండాలి.

"సర్, నిలువు గీతని ఏ మిషనూ దారిగా గుర్తించదు," అంది ఇంజనీరు డైరెక్టరుగారితో.

"కమిటీ గుర్తించింది కదమ్మా. బుధవారం మంత్రిగారు ప్రారంభిస్తున్నారు. ఈలోపు ఆసుపత్రిలో నీ పాత ప్రోగ్రాం తీసెయ్యి."

"మూడు నెలలుగా నడుస్తోంది సర్. రోజుకి అరవైమంది దాన్ని చూసుకునే వస్తున్నారు."

"నడుస్తున్నదాన్ని ఎవరైనా ప్రారంభిస్తారా?"

ఇంజనీరుకి మళ్ళీ ఆ మెట్లూ, ఆ నాలుగింటి చలీ కళ్ళముందు కనపడ్డాయి. "ఆ అరవైమందిలో మా అత్త కూడా ఉంది సర్," అంది.

డైరెక్టరుగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"తీసెయ్యమని నేను ఆర్డరిచ్చాను. కాపీ ఫైల్లో పెట్టాను. ఇచ్చిన ఆర్డరు అమలైందా లేదా అని చూసే అలవాటు మన శాఖలో ఎప్పుడూ లేదు. ఇక వెళ్ళు."

శాఖ ఆనవాయితీకి భంగం రానివ్వకూడదని ఇంజనీరు ఆసుపత్రి కంప్యూటర్ జోలికి పోలేదు. వేదిక మీది కంప్యూటర్లో మాత్రం నలభై ఒక్క గీతలూ శ్రద్ధగా నిలబెట్టింది.

బుధవారం ఆసుపత్రి హాల్లో రోగుల్ని ముందు వరసల్లో కూర్చోబెట్టారు. మేనత్తకి మధ్య కుర్చీ దక్కింది. మంత్రిగారు కీ నొక్కారు. గోడంత తెర మీద ఇంగ్లీషులో ఒకే ఒక్క వాక్యం వచ్చింది: అటువంటి ఫైలేదీ లేదు.

డైరెక్టరుగారు ఫ్యాను వైపు చూస్తూ ఉండిపోయారు.

మంత్రిగారు వాక్యాన్ని రెండుసార్లు చదివారు. మైకు అందుకున్నారు.

"నేను వచ్చేనాటికి ఈ శాఖలో పదకొండువేల ఫైళ్ళు పెండింగు. ఇవాళ మీ కళ్ళెదుట కంప్యూటర్ వెతికింది. ఒక్కటీ లేదంటోంది."

చప్పట్లు ఆగలేదు. జడ్జిగారు కళ్ళు తుడుచుకున్నారు. మేనత్త మాత్రం గోడ గడియారం చూసి, పదకొండు అవుతోందని సంచి తీసుకుని లేచింది. మంత్రిగారి గౌరవార్థం మొట్టమొదట లేచి నిలబడ్డ రోగిగా మర్నాడు పత్రికల్లో ఆవిడ ఫొటో వచ్చింది.

ఆ వార్త చదివి ముఖ్యమంత్రిగారు చలించిపోయారు. నిలువు గీతని మిగతా శాఖలన్నిటిలోనూ వెంటనే అమలు చెయ్యాలని ఉత్తర్వు ఇచ్చారు. డైరెక్టరుగారు దాన్ని స్వయంగా మూడో అంతస్తుకి తెచ్చి, ఇంజనీరు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు.

జాబితాలో మొదటి పేరు అగ్నిమాపక శాఖ.