డెక్లన్ కనపడ్తలేడు

ఆ శనివారం ఉజ్వల పెద్ద పనులేమీ పెట్టుకోలేదు. పదకొండింటికి మెయ్‌నూత్ నుంచి ఓర్లా వస్తుంది. ఆమెకు డెక్లన్‌ని అప్పగించాలి. తలుపేసుకుని కాసేపు ఏడవాలి. ఆ తర్వాత వంట.

డెక్లన్ ఒక కొండచిలువ. ముట్టుకుంటే భయపడి బంతిలా చుట్టుకుపోయే చిన్న జాతిది. విషం లేదు, కోపం అసలే లేదు. డబ్లిన్‌కి కంపెనీలు వరసకట్టి వస్తున్న కాలం కనుక మనుషులు ఎంత తేలిగ్గా వచ్చేవారో అంత తేలిగ్గా వెళ్ళిపోయేవారు. దాన్ని పెంచిన ఇంజనీరు కూడా సింగపూర్‌లో ఉద్యోగం దొరకగానే, పెంపుడు పాముల్ని చేరదీసే సంస్థలో దాన్ని వదిలేసి విమానమెక్కాడు. చెడిపోయిన హీటరు మీద పడుకుని పడుకుని దాని పొట్టంతా కాలి ఉంది.

ఉజ్వల వారమంతా చెర్రీవుడ్ ఆఫీసులో ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికేది. సాయంత్రాలు ఆ సంస్థ కోసం ఇంట్లో పాముకి సేవ చేసేది. పుండ్లకు మందు రాసింది, గాజు పెట్టెలో వేడి సరిచూసింది. పుండ్లు మానాయి. తిండి మాత్రం ముట్టలేదు. మూడు నెలలుగా ఎలుకను ముక్కు దగ్గర ఆడించినా మొహం తిప్పుకునేది. ఆమె పట్టు వదల్లేదు. వీడు మంచి ఇంటికి చేరి తీరాలి అనుకుని, పెంచుకుంటామని వచ్చిన ముగ్గురిని వద్దని, మొండి పాముల్ని సాకిన అనుభవమున్న ఓర్లాను ఒప్పించింది.

పది దాటాక గాజు పెట్టె దగ్గరికి వెళ్ళి చూస్తే మూత పక్కకి జరిగి ఉంది. పెట్టె ఖాళీ.

ఉజ్వల సోఫా ఎత్తింది, ఫ్రిజ్ వెనక టార్చి వేసింది, బూట్లన్నీ బోర్లించింది. చివరికి ఊపిరాడక బాల్కనీలోకి వచ్చి, సరుకులకు వెళ్ళిన భర్త నిశాంత్‌కి ఫోన్ చేసింది.

"డెక్లన్ కనపడ్తలేడు! డబ్బాల పెట్టి క్లిప్పులు గూడ ఏసిన, ఎట్ల బయటపడ్డడో ఏమో. మూడు నెలల సంది తిండి లేదు పాపం. కాలిన మచ్చలు గూడ మొన్నమొన్ననే మానినయి. పోయిన నెల తోలంత ఒక్కటే తాప ఊడొచ్చింది కద, ఇప్పుడు మస్తు నాజూగ్గ ఉంటడు. పదకొండింటికి ఆమె తీస్కపోనీకి వస్తది... ఎవ్వలకు చెప్పకు! ఓనర్‌కు తెలిసిందంటే మన పని ఖతమ్."

లీజులో పెంపుడు జంతువులు కూడదని ఉంది మరి.

ఆ అపార్ట్‌మెంట్లు కంపెనీల జనం కోసం ఆదరాబాదరాగా కట్టినవి. గోడలు పేరుకే గోడలు. పక్క బాల్కనీలో వడియాలు ఎండుతాయేమోనన్న ఆశతో సూర్యుడి కోసం చూస్తున్న లక్ష్మీకాంతం, ఈ మాటలన్నీ పొల్లుపోకుండా విన్నది. అమలాపురం నుంచి కూతురింటికి వచ్చి నెలే అయింది. కూతురు ఆస్పత్రిలో డ్యూటీలో ఉంది. ఇంట్లో ఉన్నది అల్లుడు హనుమత్ప్రసాద్ ఒక్కడే, అతనూ ఏదో మీటింగులో ఉన్నాడు.

"అల్లుడుగారూ, ముందా చెవుల్లోవి తీసెయ్యండి! పక్కింటమ్మాయి ఎవడో డెక్లనంట, తెల్లోణ్ణి డబ్బాలో పెట్టి మూతేసేసిందండి. మూడు నెల్లనించీ కూడూ నీళ్ళూ లేవంట. ఒళ్ళంతా కాల్చేసిందంట. తోలు కూడా ఒలిచేసిందంటండి బాబూ!"

"ఉజ్వలగారా? ఆవిడ లిఫ్ట్‌లో ఎదురొస్తే నలుగురికి దారిస్తారండి. మీరు సరిగ్గా విని ఉండరు."

"వాడు తప్పించుకున్నాడంట. పదకొండింటికి ఇంకెవర్తో పట్టుకుపోడానికి వస్తోందంట. నా మాటబద్ధమైతే మీరే చూసి రండి."

హనుమత్ప్రసాద్ వెళ్ళి తలుపు తట్టాడు. తలుపు జానెడు తెరుచుకుంది. ఉజ్వల జుట్టు చెదిరి ఉంది. ఒక చేతిలో పొడుగాటి ఇనుప కొక్కెం, ఇంకో చేతిలో దిండు గలీబు.

"అంతా బాగానే ఉందాండీ?"

"గ్రాండ్. అంత గ్రాండ్" అంది ఉజ్వల, బాగుందనడానికి ఇక్కడివాళ్ళు అనే మాట.

"మరి... డెక్లన్ అంటే ఎవరండి?"

పాము అని చెబుదామంటే ఉజ్వలకు లీజు గుర్తొచ్చింది. నోటికి తోచింది చెప్పేసింది. "మా ఆఫీసుల మేనేజరు."

హనుమత్ప్రసాద్ ఆ కొక్కేన్నీ గలీబునీ ఇంకోసారి చూశాడు. మేనేజర్ల మీద అందరికీ కోపమే ఉంటుంది, అతనికీ ఉంది, కానీ దానికో హద్దుంటుంది. గబగబా ఇంటికొచ్చి గార్డులకు, అంటే ఇక్కడి పోలీసులకు, ఫోన్ చేశాడు.

గార్డు మరేడ్ లిఫ్ట్ దిగేసరికి, కారిడార్లో పెద్ద పెట్టె పట్టుకుని ఓర్లా కూడా అప్పుడే వచ్చి నిలబడి ఉంది.

"మీరెవరు?" అని అడిగింది గార్డు.

"డెక్లన్‌ని తీసుకెళ్ళడానికి వచ్చానండి. దత్తత చేసుకుంటున్నా" అంది ఓర్లా సంబరంగా.

గార్డు కనుబొమలు ముడిపడ్డాయి. "దత్తతా? అతని వయసెంత?"

"ఆరేళ్ళు. చాలా ముద్దుగా ఉంటాడు."

"ఈ పెట్టె దేనికి?"

"వాడికే. బస్సులో ఎవరూ కంగారు పడకుండా."

గార్డు వెంటనే భుజం మీదున్న రేడియో అందుకుంది. తప్పిపోయినది మేనేజరు కాదు, ఆరేళ్ళ పిల్లాడు, మూడు నెలలుగా తిండి లేదు, ఒంటి మీద కాలిన గాయాలున్నాయి, ఇంకో కారు పంపండి అని చెప్పింది. తలుపు సందులోంచి చూస్తున్న లక్ష్మీకాంతం ఇంగ్లీషు అర్థం కాకపోయినా గార్డు మొహం చూసి గుండెలు బాదుకుంది. "పసిగుడ్డంటండి! అందుకే నా కుడికన్ను అదురుతోంది పొద్దున్నించీ!"

ఉజ్వల బయటికొచ్చింది. ఎదురుగా గార్డు, ఓర్లా, పక్కింటివాళ్ళు. కింద రోడ్డు మీద ఇంకో కారు ఆగిన చప్పుడు. నిజం చెబితే ఇల్లు పోవచ్చు. చెప్పకపోతే వీళ్ళంతా పిల్లాడి కోసం వెతుకుతూ, ఏ మూలో ముడుచుకున్న పామును బూటుకాలితో తొక్కేస్తారు. పుండ్లకు మందు రాసిన రోజులన్నీ కళ్ళముందు కదిలాయి. ఆమెకు ఆలోచించాల్సిన పని లేకపోయింది.

"డెక్లన్ పిల్లగాడు కాదు. మేనేజరు గూడ కాదు. పాము" అని ముందు తెలుగులో అనేసి, తర్వాత అదే ఇంగ్లీషులో గట్టిగా చెప్పింది. "అందరూ కింద చూసుకుని అడుగు వేయండి. ఇల్లు పోయినా ఫర్వాలేదు. వాడికేమైనా అయితే మాత్రం ఊరుకోను."

గార్డు ఆమె వంక జాలిగా చూసింది. "ఐర్లండ్‌లో పాములు లేవమ్మా. పిల్లాడెక్కడ?"

జవాబుగా పక్కింట్లోంచి లక్ష్మీకాంతం పెట్టిన కేక ఆ అంతస్తంతా మోగింది.

ఇంత గొడవకి ఆవిడకు చెమటలు పట్టి, తువ్వాలు తీసుకుందామని హాట్ ప్రెస్ తెరిచింది. వేడినీళ్ళ సిలిండరు పక్కన బట్టలు వెచ్చగా ఉంచే అల్మారా అది. రెండిళ్ళ హాట్ ప్రెస్‌లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉన్నాయి. మధ్యలో గొట్టాల కోసం కొట్టిన కన్నాన్ని పూడ్చే తీరిక కట్టినవాళ్ళకు లేకపోయింది. అందరూ పరుగెత్తుకొచ్చి చూశారు. ఆవిడ నేత చీరల దొంతర మీద డెక్లన్ చుట్టలు చుట్టుకుని పడుకుని ఉంది. ఆ చుట్టల నడుమ తెల్లగా, తోలు బంతుల్లా అంటుకుని, ఆరు గుడ్లు.

హనుమత్ప్రసాద్ సోఫా ఎక్కాడు. ఉజ్వల వంగి గుడ్లు లెక్కపెట్టింది. ఓర్లా ముందుకు వంగి చూసి నవ్వేసింది. "మూడు నెలలు ఎందుకు తినలేదో తెలిసిందిగా. గుడ్లు మోస్తున్నప్పుడు ఇవి తినవు."

"వాడు... మగోడని చెప్పిర్రు నాకు" అంది ఉజ్వల. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మూడు నెలలుగా ఎక్కడ తప్పు చేస్తున్నానా అని నిద్రలో కూడా వెతుక్కున్న మనిషి.

గార్డు టోపీ తీసి తల గోక్కుంది. ఓర్లా పెట్టె తెరిచి, గుడ్లతో సహా జాగ్రత్తగా తీసుకెళ్ళొచ్చని చెప్పబోయింది. అంతదాకా గోడకు అతుక్కుపోయి ఉన్న లక్ష్మీకాంతం ఒక్కసారి హాట్ ప్రెస్‌కి అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఎక్కడికండీ తీసుకెళ్ళేది? పచ్చి బాలింతరాలు! పురుడు వెళ్ళకుండా గడప దాటిస్తారా? మీ ఊళ్ళో పద్ధతీ పాడూ లేవా?"

"ఆంటీ, దానికి సరైన వేడి కావాలె. మా ఇంట్ల పెట్టె ఉంది" అని ఉజ్వల బతిమాలింది.

"పెట్టె ఇక్కడికే తెచ్చుకో అమ్మా. నా చీరలు పోతే పోయాయి. ఏవమ్మా పోలీసూ, ఆ బూట్లు బయట విప్పి రా. అల్లుడుగారూ, సోఫా దిగి కాస్త తలుపెయ్యండి, చలిగాలి కొడుతోంది పురిటింట్లోకి."

ఉజ్వల ఈ మాటలన్నీ ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది. పురుడు వెళ్ళేదాకా ఆగుతానంది ఓర్లా. గార్డుకు ఎదురు చెప్పే ధైర్యం చాలలేదు. పామును గుడ్ల మీద నుంచి కదపకుండా, ఉజ్వలా ఓర్లా కలిసి హాట్ ప్రెస్‌లోనే పక్కన పెట్టెలోని హీటరు అమర్చారు. ఓనర్ ఏమంటాడో రేపు చూసుకోవచ్చనుకుంది ఉజ్వల. ఇవాళ్టికి ఆమె ఎవరి కోసం పోరాడిందో ఆ ప్రాణి వెచ్చగా ఉంది.

సరుకుల సంచులతో రొప్పుతూ వచ్చిన నిశాంత్, పక్కింటి గుమ్మం ముందు వరసగా విప్పి ఉన్న బూట్లు చూసి, ఏం పూజ జరుగుతోందని అడిగాడు.

లోపల గార్డు మరేడ్ వట్టి సాక్సులతో నిలబడి, డెక్లన్ దొరికాడనీ, కాన్పు తేలిగ్గానే అయిందనీ, కింద ఆగిన రెండో కారు వెనక్కి వెళ్ళిపోవచ్చనీ రేడియోలో చెబుతోంది.