పదకొండో చావు

చావుకేక గొంతులో గడ్డ ఉందని తేలి పద్నాలుగు రోజులైంది. ఆ సంగతి భార్యకు ఎలా చెప్పాలా అని బుర్ర గోక్కోవడం మొదలై కూడా అన్ని రోజులే.

అతని వృత్తి డబ్బింగ్. హీరోకి కాదు, హీరో చేతిలో తన్నులు తిని చచ్చే రౌడీలకి. స్టూడియోవాళ్లు ముద్దుగా పెట్టిన పేరే చావుకేక. గడ్డ తీసేయాలనీ, తీశాక గొంతు వస్తుందో రాదో చెప్పలేననీ అంది డాక్టరమ్మ.

చివరికి ఓ పథకం వేశాడు. తాను గొంతిచ్చిన థాయ్ ఫైటింగ్ సినిమా విడుదలైంది. అందులో పదిహేడు చావులు. మొదటి సగంలో భార్యను కడుపుబ్బ నవ్వించాలి. ఇంటర్వెల్లో మెల్లగా చెప్పేయాలి.

సినిమా కొంప ముంచింది. పోస్టర్ మీద హెలికాప్టర్లోంచి దూకిన హీరో, తెర మీద ముప్పావుగంట పడవలో కూర్చుని నది వంక చూశాడు.

"ఈయన ఎప్పుడు కొడతాడండీ?"

"కోపం తెచ్చుకుంటున్నాడు."

"నాకప్పగిస్తే నిమిషంలో తెప్పించేదాన్ని."

ఎట్టకేలకు కొట్టాడు. ఒకడు మేడ మీంచి పడ్డాడు. "అది నేనే" అన్నాడు చావుకేక గర్వంగా. ఇంకొకడు చేపల బుట్టలో పడ్డాడు. "అదీ నేనే."

"ఒక్కసారైనా గెలవరా మీరు?"

ముందు సీటు పెద్దమనిషి వెనక్కి తిరిగి ఉరిమి చూశాడు.

పదకొండోవాడు మెట్ల మీద దొర్లాడు. ఆమె నవ్వలేదు.

"ఇది మీరు కాదు."

"నేనే!"

"నాకు చెప్తారా? మీ కేక చివర ఓ సాగుడుంటుంది. బాత్రూంలో కాలు జారినా అదే సాగుడు. వీడు మధ్యలో తుంచేశాడు."

చావుకేక దొరికిపోయాడు. నిజమే. డబ్బింగ్ చెప్తుంటే పదో చావు దగ్గర గొంతు పూడుకుపోయింది. మిగతా ఏడు చావులూ ఇంకెవరికో ఇచ్చేశారు.

"కాస్త జలుబు చేసి..." అంటుండగా దీపాలు వెలిగాయి. ఇంటర్వెల్.

ఆమె హ్యాండ్‌బ్యాగ్ తెరిచి, మడతపెట్టిన ఆసుపత్రి చీటీ అతని ఒళ్లో పెట్టింది.

"పది రోజుల కిందట మీ చొక్కా ఉతకబోతే దొరికింది. డాక్టరమ్మను కలిసొచ్చా. సోమవారం ఆపరేషన్."

"మరి... నన్ను అడగలేదేం?"

"మీరే చెప్తారని చూశా. ఇవాళ సినిమాకి అంటే, హమ్మయ్య, నోరు విప్పుతారనుకున్నా. జలుబట!"

చావుకేక చీటీని నాలుగుసార్లు మడిచాడు. "గొంతు రాకపోతే?"

ఆమె చీటీ లాక్కుని మళ్లీ హ్యాండ్‌బ్యాగ్‌లో పడేసింది.

"రాకపోతే ఇంట్లో నేనొక్కదాన్నే అరుస్తా. ఇప్పుడు మాత్రం జరుగుతున్నదేమిటి?" అంది.

దీపాలు ఆరాయి. పన్నెండోవాడు అద్దాల తలుపులోంచి ఎగిరిపడి, ఎవరో పరాయి కేక వేసి చచ్చాడు. ఆమె భర్త చెవి దగ్గరకు వంగింది.

"మీరైతే ఇంకా బాగా చచ్చేవారు."

అతను ఏదో చెప్పబోయాడు.

"నోరు మూసుకోండి. మాట్లాడొద్దంది డాక్టరమ్మ."

పెళ్లయిన దగ్గర్నుంచీ రోజూ చెవిన పడుతున్న మాటే. ఈసారి విన్నాడు.