అయిదు నిమిషాలకో కుశల ప్రశ్న

ఆ రోజు కొండయ్య పెట్టుకున్న పని ఒక్కటే. ఆఫీసులో సంతకం పెట్టి, పదకొండుకి మోకాలి డాక్టరు దగ్గరకు వెళ్లడం. అతని అసలు పేరు జీతం కాగితం మీదే ఉండేది. ముప్పై ఏళ్లుగా కొండ మీది రేడియో స్టేషన్‌ను చూసుకునే మనిషి కాబట్టి అందరికీ కొండయ్యే. పెన్షన్‌కు పదకొండు నెలలుంది. ఇప్పటికే ఒక మెమో తీసుకున్నాడు. రెండోది వస్తే ఉద్యోగమూ పోతుంది, పెన్షనూ పోతుంది.

"ఈ పదకొండు నెలలూ మేనేజర్ ఏమన్నా తలూపండి చాలు," అంది భార్య పొద్దున, అన్నం డబ్బా చేతికిస్తూ.

"తల ఊపుతానే. మోకాలే ఊగనంటోంది."

సంతకం ఆరకముందే మేనేజర్ పిలిచాడు.

"ఏమయ్యా, కొండ పడిపోయింది."

"లింకా సార్?"

"కొండే పడితే నిన్నెందుకు పిలుస్తాను? అవతలి ఊరి ఆసుపత్రికి ఫోను పోవడం లేదు. కాసేపు పలుకుతుంది, చస్తుంది. రాత్రి నుంచీ ఇదే వరస."

"మూడు రోజులుగా మబ్బు సార్. సోలార్ కదా, బ్యాటరీ అడుగంటి ఉంటుంది."

"మబ్బుకి మెమో ఇవ్వలేను. నీకివ్వగలను. ఎక్కు."

రెండు గంటలు ఎక్కాడు. పైకి చేరేసరికి దీపాలన్నీ పచ్చగా ఉన్నాయి. అక్కడి ఫోను కూడా ఆ రేడియో మీదే నడుస్తుంది. ఆఫీసుకు చేశాడు.

"బాగానే ఉంది సార్."

"ఉంటుంది. నీ మెమో టైపు మొదలెట్టగానే బాగుపడింది."

మరో పావుగంటకు రేడియో ఆగింది. లేచింది. మళ్లీ ఆగింది. ఆ తర్వాత నిలబడింది. కొండయ్య మళ్లీ ఫోను చేశాడు.

"సార్, ఇందాక మీరేం చేశారు?"

"టీకి వెళ్లాను. వాడనప్పుడు కంప్యూటర్ ఆపాలని హెడ్డాఫీసు సర్క్యులర్. నిన్న వచ్చింది. ముందు నేను పాటించాలిగా."

కొండయ్య పక్కకు తిరిగి చూశాడు. రేడియో పక్కన ఒక పెట్టె ఉంది. అయిదు నిమిషాలకోసారి అది లైను అవతలి ఒక కంప్యూటర్ చిరునామాను పలకరిస్తుంది. జవాబొస్తే ఊరుకుంటుంది. రాకపోతే రేడియో మొద్దునిద్రలో ఉందనుకుని కరెంటు తీసి మళ్లీ ఇస్తుంది. అక్కడ హెడ్డాఫీసు చిరునామా ఇవ్వాలని నిబంధన. పెట్టె బిగించిన రోజున అది అతనికి గుర్తు రాలేదు. సెలవుల్లో కూడా ఆగని యంత్రం ఇంకొకటి తెలుసు. మేనేజర్ కంప్యూటర్ చిరునామా ఇచ్చి కిందికి దిగాడు. ఇప్పుడు అది ఆపినప్పుడల్లా ఇక్కడ రేడియో ఆగుతోంది.

ఆ చిరునామా మార్చడానికి పది నిమిషాలు చాలు. కానీ ల్యాప్‌టాప్‌లో చార్జింగ్ లేదు. పెట్టెనే పీకేద్దామంటే రేడియోకు కరెంటు దానిలోంచే వెళ్తుంది. స్టేషన్ బ్యాటరీలో మిగిలింది రేడియోకే బొటాబొటి. ఇంకో రెండుసార్లు ఆగి లేస్తే ఇక లేవదు. ఎండ రావాలి.

లైను పరీక్షించే ఫోను చెవికి పెట్టుకున్నాడు. అవతలి ఊరి నర్సు పట్నం డాక్టరుతో మాట్లాడుతోంది. "కాన్పు మనిషికి రక్తం ఆగడం లేదు డాక్టర్. లైన్లోనే ఉండండి."

నిజం చెబితే మేనేజర్ ముందు కంప్యూటర్ ఆపి చూస్తాడు. ఆపి చూడనిదే దేన్నీ నమ్మడు.

కొండయ్య మూడోసారి ఫోను చేశాడు.

"మెమో అయిపోయిందయ్యా. ఆపేస్తున్నా."

"ఆపకండి సార్, ఇంకా ఉంది. నిరుడు రెండుసార్లు బ్యాటరీలకు నీళ్లు పోయలేదు. పోశానని రిజిస్టర్లో రాశాను."

"దొంగ రాతా?"

"అవును సార్. నెమ్మదిగా కొట్టండి. అక్షరదోషాలు పడితే మీకే చెడ్డపేరు."

కీబోర్డు చప్పుడు మళ్లీ మొదలైంది. తన తప్పులు గంటలో అయిపోయాయి. తనకు ముందు పనిచేసినవాళ్లవి నెత్తికెత్తుకున్నాడు. అవీ అయ్యాక పిడుగు చేసినవి కూడా.

"సోలార్ పలక పగిలింది నావల్లే సార్. రాయి విసిరాను."

"ఎందుకు?"

"కాకి మీదికి."

"తగిలిందా?"

"కాకికి తగల్లేదు సార్."

రెండున్నరకు ఎండ వచ్చింది. బ్యాటరీ మీటరు ముల్లు కదిలింది. ల్యాప్‌టాప్‌కు వైరు తగిలించి, హెడ్డాఫీసు వాళ్లను అడిగి చిరునామా మార్చాడు. పరీక్ష ఫోను మళ్లీ చెవికి పెట్టుకున్నాడు.

"తల్లి దక్కింది డాక్టర్," అంటోంది నర్సు.

మాటలో రెండో సగం కోసం ఆగాడు. అది రాలేదు.

"ఇక ఆపుకోండి సార్," అన్నాడు మేనేజర్‌తో. అయిదు నిమిషాలు దీపాన్నే చూస్తూ కూర్చున్నాడు. పచ్చగానే ఉంది.

దిగుతూ లెక్క వేసుకున్నాడు. మెమోలు సోమవారం తపాలా సంచిలో హెడ్డాఫీసుకు పోతాయి. ఈలోగా పెట్టె సంగతి, ఆసుపత్రి సంగతి చెప్పి, ఆ పేజీలు చింపించవచ్చు. ఆఫీసుకు చేరేసరికి మేనేజర్ తలుపుకు తాళం వేస్తున్నాడు.

"మధ్యాహ్నం నుంచి లింకు ఒక్కసారి కూడా పడలేదయ్యా," అన్నాడు.

"అదే చెబుదామని వచ్చాను సార్. ఆ మెమో..."

"లైను ఇంత బాగుంటే సంచి ఎందుకని కంప్యూటర్లోనే పంపించాను. తొమ్మిది పేజీలు. అక్షరం పోలేదు. నిన్ను తీసేయమని జవాబూ వచ్చింది."

ఆ ఏడాది కొండ మీదుగా అంత వేగంగా తేలిన ఫైలు ఇంకొకటి లేదు.