జయకుసుమకి పేరు బరువైంది

ఆ గురువారానికి వాగియో వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి ఆఫీసుకి రావడం, పెద్ద ప్రింటర్లో ఒక మ్యాపు తీయడం, పదకొండింటికి పాక్ సస్త్రో రాగానే చూపించడం. మధ్యలో తీరిగ్గా కాఫీ తాగడానికి కూడా వ్యవధి ఉంది.

జావా దీవిలోని మా క్లాతెన్ సర్వే ఆఫీసులో పాక్ సస్త్రో, అంటే సస్త్రో గారు, ముప్ఫై ఏళ్ళు మ్యాపులు గీశాడు. 1979లో ఆయన చేత్తో గీసి రంగులు పూసిన ఓ ఊరి పొలాల మ్యాపు ఇప్పుడు ముట్టుకుంటే అప్పడంలా విరుగుతోంది, రంగంతా మట్టిరంగుకి తిరిగింది. దాన్ని స్కాన్ చేసి, కంప్యూటర్లో రంగులు తేర్చి, గోడంత అచ్చు తీసి పెట్టాలని నిర్ణయమైంది.

వాగియోకి కుంచె పట్టడం నేర్పింది ఆయనే. ఆయన ఆకుపచ్చ పూస్తుంటే గదిలో ఎవరూ దగ్గేవారు కూడా కాదు. చెయ్యి ఆగితే రంగు ఆరిపోయి చార పడుతుంది. చార పడితే కాగితం చింపేసి మళ్ళీ మొదలు. ఆ తడి రంగు వాసన, మధ్యాహ్నం చెరకు మిల్లు కూత వాగియోకి ఇప్పటికీ గుర్తే. కంప్యూటర్లు వచ్చాక గురువు కుంచెలు అటకెక్కించి యంత్రం ముందు కూర్చున్నవాడూ తనే. ఈ ఒక్క మ్యాపైనా ఆయన చేతిపనిలా నున్నగా రాకపోతే ఆయనకి మొహం చూపించలేడు.

మొదటి అచ్చు నిండా చారలే. పచ్చటి పొలాల మీద ఈ కొస నుంచి ఆ కొసకి తెల్లటి గీతలు పడ్డాయి.

సిరా చిమ్మే రంధ్రాలు పూడాయేమోనని పరీక్ష కాగితం తీశాడు. అది నిక్షేపంలా వచ్చింది. అయినా నమ్మక మూడుసార్లు శుభ్రం చేయించాడు. చారలు చెక్కుచెదరలేదు. కాగితం జరిగే కొలత సరిచేస్తే తెల్లచారలు పోయి నల్లచారలు వచ్చాయి. మళ్ళీ సరిచేస్తే రెండూ వచ్చాయి. ఏసీ ఆపి చూశాడు. వాగియోకి చెమటలు పట్టాయి, చారలకి ఏమీ పట్టలేదు.

తొమ్మిదిన్నరకి కాఫీ తెచ్చిన వంటావిడ మ్బోక్ జియెమ్, యంత్రాన్ని రోగిని చూసినట్టు చూసింది.

"దీని పేరేమిటి నాయనా?"

"ప్రభు జయకుసుమ. కొన్నప్పుడు బు నింగ్రుమ్ గారు పెట్టారు."

"ఇంకేం! అంత పేరు ఇది మోయలేకపోతోంది. పేరు మార్చి జావ పంచేదాకా ఇలాగే మూలుగుతూ ఉంటుంది."

వాగియో నవ్వలేకపోయాడు. చిన్నప్పుడు తనకీ ఏదో రాజుగారి పేరే ఉండేది. నెలకోసారి జ్వరం వచ్చేది. ఆరో ఏట అమ్మమ్మ ఎర్రజావ, తెల్లజావ కాచి, ఇరుగుపొరుగుకి పంచి, వాగియో అని పిలిచింది. తాటిబెల్లం వేసిన ఆ జావ రుచి గుర్తుంది. తర్వాత జ్వరం రాలేదన్నదీ గుర్తుంది. చదువుకున్నవాణ్ణని పైకి గొణిగాడు గానీ వద్దని మాత్రం అనలేదు.

ఆఫీసు పెద్ద బు నింగ్రుమ్ కేకలేస్తుందనుకుంటే, జావ పెందలాడే కాయమంది. కొత్త పేరు స్లామెత్. క్షేమం అన్నమాట, మాలో పేరు మార్చిన పిల్లల్లో సగం మంది స్లామెత్‌లే.

"కంప్యూటర్లో కూడా మార్చు వాగియో. నోటితో ఒకటి, కాగితం మీద ఒకటి అయితే అది ఎటని పలుకుతుంది?" అందామె.

వాగియో పాత పేరు పీకేసి యంత్రాన్ని స్లామెత్‌గా కొత్తగా ఎక్కించాడు. వెంటనే పైగదిలో ఎవరికీ ప్రింట్లు రాకుండా పోయాయి. కొత్తగా చేరిన గుమాస్తా ఫోన్ చేసి జయకుసుమ పలకడం లేదేమని అడిగాడు. ఫోనెత్తింది జియెమ్.

"ఆయన ఇక లేరు నాయనా. జావ పంచుతున్నాం, కిందికి రండి."

ఎవరో పోయారనుకుని అయిదుగురు తలలు వంచుకుని దిగారు. ఒకడు పూలు కూడా తెచ్చాడు. విషయం తెలిశాక పూలు యంత్రం మీదే పెట్టి జావ తిన్నారు.

ఈలోగా వాగియో తెర చూసి నోరు తెరిచాడు. కొత్తగా ఎక్కించేసరికి యంత్రం సెట్టింగులన్నీ మొదటికొచ్చాయి. ఆగస్టులో స్వాతంత్ర్య దినపు బ్యానర్ల హడావుడిలో 'వేగంగా' అన్నచోట టిక్కు పెట్టి, తీయడం మరిచినవాడు తనే. చారలు పుట్టించిన ఆ టిక్కు ఇప్పుడు లేదు. ఎవరికీ చెప్పకుండా ప్రింట్ నొక్కి, తనూ ఒక గిన్నె జావ అందుకున్నాడు.

పదకొండుకి అయిదు నిమిషాలు ఉండగా మ్యాపు బయటికొచ్చింది. పొలాలు పట్టులా నున్నగా ఉన్నాయి. దక్షిణం వైపు మాత్రం ఒకే ఒక్క చార మిగిలింది. జియెమ్ బెల్లం తగ్గిందంది. మళ్ళీ తీసే వ్యవధి లేదు. పాక్ సస్త్రో గుమ్మంలోకి వచ్చేశాడు.

ముసలాయన కళ్ళద్దాలు తుడుచుకుని, మ్యాపంతా చూసి, సరిగ్గా ఆ చార మీదే వేలు పెట్టాడు.

"క్షమించండి పాక్. ఈ యంత్రం..." అన్నాడు వాగియో.

"యంత్రం కాదురా. నాదే." అన్నాడాయన. "పెళ్ళయి పన్నెండు రోజులు. కసినెమ్ మొదటిసారి ఆఫీసుకి అన్నం తెచ్చింది. టేకాకులో అన్నం, ఉప్పుచేప. కుంచె దించి తిన్నాను. వచ్చేసరికి రంగు ఆరిపోయింది. చింపబుద్ధి కాలేదు."

కసినెమ్ పోయి నాలుగేళ్ళయింది. పేరు మార్పు, జావ, టిక్కు అన్నీ మరిచి, వాగియో ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"మరి పైవాళ్ళు ఏమీ అనలేదా పాక్?"

"ఇదేమిటన్నారు. కాలవ అన్నాను."

"అక్కడ కాలవ ఉందా?"

"అప్పుడు లేదు. మరుసటేడు తవ్వారు. మ్యాపులో ఉంది కదా మరి."